రొమ్ములు రెండూ సమానంగా లేవు: ఏ వైపు సరిచేయించుకోవాలి?

నీలిగోరింట
నా వయసు 22. హైస్కూలు రోజుల నుంచి కుడి రొమ్ము ఎడమదానికంటే బాగా చిన్నది. కొద్దిపాటి తేడా అయితే పట్టించుకునేదాన్ని కాదు. నాకు ఎడమవైపు సరిపోయే బ్రా వేసుకుంటే కుడివైపు కప్పు సగం ఖాళీగా ఉండి ముడతలు పడుతుంది. అందులో మెత్త పెట్టుకుంటాను. వంగితే అది జారుతుందేమోనని చేయి అడ్డం పెట్టుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, మెత్త లేనప్పుడు కూడా చేయి అక్కడికే పోతుంది.

ముగ్గురు ప్లాస్టిక్ సర్జన్లను కలిశాను. చిన్నవైపు లోపల ఇంప్లాంట్ అనే మెత్తని సంచి పెడదామని ఒకరు, పెద్దవైపు తగ్గిద్దామని మరొకరు, పొట్టలోని కొవ్వు తీసి నింపుదామని మూడో ఆయన. ముగ్గురూ అనుభవం ఉన్నవారే, ముగ్గురూ ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు. ఇప్పుడు ఎవరి మాట వినాలి? పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందని మా అమ్మ అంటుంది. ఆ మాటలో నిజం ఉందా?

తులసికోట
అమ్మగారి మాట కాదన్నానని ఏమీ అనుకోకండి. నాకు ఇద్దరు పిల్లలు. ఉన్న తేడా సర్దుకోలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. మా చిన్నది ఒక వైపే ఇష్టంగా తాగేది, రెండో వైపు పాలు మెల్లగా తగ్గిపోయాయి.

నిక్కచ్చి
ముగ్గురు సర్జన్లను అడిగితే మూడు ఆపరేషన్లు చెప్పక ఏం చెబుతారు? అక్కర్లేదని చెప్పే నాలుగో మనిషిని అడగండి. మన శరీరంలో జంటగా ఉన్నవేవీ అచ్చంగా ఒకేలా ఉండవు. పాదాలు చూసుకోండి. నిక్షేపంలా ఉన్న అవయవం మీద కత్తి పెట్టించుకోవడం నాకు మింగుడు పడదు.

కొలబద్ద
నేను ఈ పనే చేసే సర్జన్‌ని. నిక్కచ్చి గారి మాటలో సగం నిజమే. కొద్దిపాటి తేడా చాలామంది స్త్రీలలో ఉంటుంది. కొలత టేపు పట్టుకుని చూస్తే అసలు తేడా లేనివారు కనబడటమే అరుదు. చనుమొన ఎత్తులో, రొమ్ము అడుగు వెడల్పులో, కింది ముడత ఉన్న చోటులో ఏదో ఒకటి అటూఇటూ అవుతుంది. కప్పు సగం ఖాళీగా ఉండటం మాత్రం ఆ కోవలోకి రాదు. దాన్ని పాదాలతో పోల్చి కొట్టిపారేయలేం.

నీలిగోరింట గారూ, ముగ్గురు మూడు దారులు చెప్పారంటే వాళ్లలో ఇద్దరు తప్పు చెప్పారని కాదు. మిమ్మల్ని అడగవలసిన ఒక ప్రశ్న ముగ్గురిలో ఎవరూ అడగలేదేమోనని నా అనుమానం. రెండింటిలో మీకు నచ్చినది ఏది? అద్దం ముందు నిలబడి, ఒక దాన్ని చేత్తో మూసి రెండోదాన్ని చూడండి. తర్వాత అటుది మూసి ఇటు చూడండి. రెండూ ఇలాగే ఉంటే బాగుండునని దేన్ని చూసి అనిపిస్తే దాని జోలికి పోకూడదు, రెండోదాన్నే దీనికి దగ్గరగా తేవాలి. పెద్దది నచ్చితే చిన్నదాన్ని పెంచే మార్గాలు, చిన్నది నచ్చితే పెద్దదాన్ని తగ్గించే మార్గం. రెండూ నచ్చకపోతే రెండింటి మీదా పని ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామంది చిన్నదాన్నే లోపమనుకుని వస్తారు. పై ప్రశ్న అడిగాక కొందరు తడబడతారు.

అసలు తేడా ఎందుకు వచ్చిందో కూడా తేలాలి. రెండూ మామూలు రొమ్ములే, ఒకటి తక్కువ పెరిగింది, అంతేనా? లేక అడుగుభాగం ఇరుకుగా ఉండి, కింది ముడత పైకి ఉండి, చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయం ముందుకు ఉబికి వచ్చిందా? ఇలాంటి గొట్టం ఆకారపు రొమ్మును రీస్, ఆస్టన్ అనే ఇద్దరు సర్జన్లు 1976లో వర్ణించారు. ఇందులో ఊరికే ఇంప్లాంట్ పెట్టేస్తే పాత ముడత గీత అలాగే నిలిచి, రొమ్ము కింద రెండో గుండ్రం కనబడుతుంది. లోపల బిగుసుకున్న కణజాలాన్ని గాట్లు పెట్టి వదులు చేయాలి, ముడతను కిందికి దించాలి, వలయాన్ని చిన్నది చేయాలి. కొందరిలో రొమ్ములు సరిగానే ఉంటాయి, వెన్ను పక్కకు వంగడం వల్లనో ఒక వైపు పక్కటెముకలు లోపలికి ఉండటం వల్లనో తేడా కనబడుతుంది. ఎముకల తేడాను గమనించకుండా పరిమాణం సరిచేస్తే, కొలతలన్నీ కలిసినా చూపుకు కలవదు.

చిన్నారి అమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా పాపకు పదో ఏడు. ఒక వైపు చనుమొన కింద గట్టిగా బిళ్లలాగా తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి అంటోంది. రెండో వైపు ఏమీ లేదు. గడ్డేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ముక్క తీసి పరీక్ష చేయించమని ఒక బంధువు అంటున్నారు.

తెల్లకోటు
అమ్మా, ఆ ముక్క తీయించే పని మాత్రం చేయకండి! నేను పిల్లల వార్డులో నర్సుగా చేశాను. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య రొమ్ము ఎదుగుదల మొదలవుతుంది, చాలామందిలో ముందు ఒక వైపే మొదలవుతుంది. రెండో వైపు కొన్ని నెలలు వెనకబడటం మామూలే. మీకు తగులుతున్నది చాలావరకు ఆ రొమ్ము మొగ్గే అయి ఉంటుంది. దాన్ని కోసి తీస్తే ఆ వైపు రొమ్ము ఇక పెరగదు. ఇలా చేతులారా తెచ్చుకున్న అసమానతలు కూడా ఉన్నాయి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి, చేత్తో చూస్తేనే సాధారణంగా తెలిసిపోతుంది. చర్మం ఎర్రబడినా, జ్వరం వచ్చినా, మొన నుంచి రక్తం వచ్చినా, బిళ్ల చనుమొన కింద కాకుండా పక్కన ఉన్నా ఆలస్యం చేయకండి. ఎనిమిదేళ్లు నిండకముందే మొదలైతే అది వేరే లెక్క, తప్పకుండా చూపించాలి.

చిన్నారి అమ్మ
మీకు పుణ్యం ఉంటుంది. సరిగ్గా మొన కిందే ఉంది. రేపే చూపిస్తాను.

ఎక్స్‌రే గది
మామోగ్రఫీ, అంటే రొమ్ము ఎక్స్‌రే తీసే గదిలో పనిచేసేదాన్ని కనుక నా వంతు మాట ఒకటి. ఎదిగే వయసు నుంచీ ఉన్న తేడా వేరు, పెద్దయ్యాక కొత్తగా వచ్చిన తేడా వేరు. ముప్పై, నలభై, యాభై ఏళ్లలో ఒక రొమ్ము పెరగడం గానీ కుంచించుకుపోవడం గానీ మొదలైతే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి కాదు, ముందు రొమ్ము పరీక్షకు రండి. చర్మం సొట్ట పడటం, బత్తాయి తొక్కలాగా మారడం, మొన కొత్తగా లోపలికి పోవడం, చంకలో గడ్డ తగలడం, ఇవేవైనా తోడైతే అసలు ఆగవద్దు. కొత్త తేడాలన్నీ క్యాన్సర్ కావు. చిన్న వయసులో ఒక వైపు వేగంగా పెరగడానికి పెద్ద ఫైబ్రోఅడినోమా కారణం కావచ్చు. అది క్యాన్సర్ కాని గడ్డ. 5 సెంటీమీటర్లు దాటితే పెద్దదిగా లెక్కిస్తారు. గడ్డను తీసేస్తే చాలాసార్లు తేడా దానంతటదే తగ్గిపోతుంది.

ఇంకో సంగతి. మామోగ్రఫీ రిపోర్టులో అసమానత అని రాస్తే అది పైకి కనబడే పరిమాణం గురించి కాదు, ఒక వైపు కణజాలం రెండో వైపుకంటే దట్టంగా కనబడిందని. రిపోర్టు పట్టుకుని మా రొమ్ములు సమానంగానే ఉన్నాయి కదా అని వాదించేవాళ్లకు చెప్పీ చెప్పీ అలసిపోయాను.

నిక్కచ్చి
జబ్బు ఉంటే వైద్యం చేయించుకోవాలి, ఎవరు కాదన్నారు? జబ్బు లేనప్పటి మాటే నేను అడుగుతున్నాను.

మచ్చలున్నా సరే
నిక్కచ్చి గారూ, జబ్బు లేదు నిజమే. నాకు బరువు ఉండేది. ఎడమది ఎంత పెద్దదంటే ఆ భుజం మీద బ్రా పట్టీ గాడి పడిపోయి ఉండేది, మెడనొప్పి కూడా ఆ వైపే. పెద్దదాన్ని తగ్గించుకున్నాను. ఆపరేషన్ సంగతి ఎవరూ వివరంగా చెప్పరు కనుక నేనే చెబుతాను.

మత్తు ఇవ్వకముందే, నిలబెట్టి గీతలు గీశారు. పడుకుంటే రొమ్ము పక్కకు జారిపోతుంది కనుక కొలతలు నిలబడే తీసుకోవాలట. మెడ కింది గుంట నుంచి చనుమొన వరకు, మొన నుంచి కింది ముడత వరకు, నడి ఎముక నుంచి మొన వరకు, అన్నీ టేపుతో కొలిచి చర్మం మీదే అంకెలు వేశారు. మెడ గుంట నుంచి మొన వరకు కుడివైపు 21, ఎడమవైపు 26 సెంటీమీటర్లని ఊదా రంగు సిరాతో ఉన్న ఆ అంకెలు చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లూ నా భ్రమేమో అనుకునేదాన్ని.

మచ్చలు మూడు చోట్ల ఉన్నాయి: నల్లని వలయం చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, కింది ముడతలో అడ్డంగా. మొదటి కొన్ని నెలలు ఎర్రగా, గట్టిగా ఉండి భయపెట్టాయి. ఏడాది గడిచేసరికి తెల్లని గీతలయ్యాయి. మొన దగ్గర స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. అది నాకు ముందే చెప్పారు, సంతకం పెట్టాను. మళ్లీ అడిగినా పెడతాను.

కొలబద్ద
నిక్కచ్చి గారి ప్రశ్నకు ఇంకో ముక్క కలుపుతాను. బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు రొమ్ముల అసమానత ఉన్న టీనేజీ అమ్మాయిలను, లేనివారితో పోల్చి చూసి 2014లో ఫలితాలు ప్రచురించారు. అసమానత ఉన్నవారిలో ఆత్మగౌరవం, మానసిక స్థితి తక్కువగా కనిపించాయి. అంటే ఇది సోకు సమస్య మాత్రమే కాదు. అలాగని వచ్చిన ప్రతివారికీ కత్తి పట్టను. కొలిస్తే తేడా దాదాపు లేకపోయినా రోజంతా అద్దం ముందు గడిపేవాళ్లు వస్తారు. వాళ్లకు ఏ ఆపరేషన్ చేసినా తృప్తి ఉండదు. వాళ్లను ముందు మానసిక వైద్యుల దగ్గరికి పంపుతాను.

నిక్కచ్చి
ఆ చివరి మాట చెప్పే సర్జన్ దొరికితే నాకు పేచీ లేదు.

నిర్వాహకుడు
ఇక్కడ ఒక సభ్యుడు ఆసుపత్రి పేరు, ఫోను నంబరు, ప్యాకేజీ ధర పెట్టారు. తీసేశాను. ఫొటోలు కూడా పెట్టవద్దు, అడగవద్దు.

పాత ఇంప్లాంట్
చిన్నవైపు ఒక్కదానికే ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లలో నేనొకదాన్ని. మొదట్లో ఎంత బాగా కుదిరిందంటే నాకే తేడా తెలిసేది కాదు. తర్వాతి సంగతి వినండి. నేను లావయ్యాను. నా సొంత రొమ్ము నాతోపాటు పెరిగింది, ఇంప్లాంట్ ఉన్నది పెద్దగా మారలేదు. వయసుతో సొంత రొమ్ము జారింది, ఇటుది గుండ్రంగా అక్కడే ఉండిపోయింది. ఆ పైన దాని చుట్టూ ఏర్పడిన పొర బిగుసుకుని, గట్టిగా, నొప్పిగా తయారైంది. ఆ బిగుతును లెక్కించే బేకర్ కొలమానంలో నాలుగో మెట్టు అన్నారు. అందులో అదే చివరి మెట్టు. పొరతో సహా తీసేసి కొత్తది వేశారు, అటువైపు కాస్త ఎత్తి కుట్టారు. పశ్చాత్తాపం లేదు గానీ, ఒక్కసారి చేయించుకుంటే అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కొలబద్ద
పై పోస్టును అందరూ రెండుసార్లు చదవండి. ఒక వైపు సొంత కణజాలం, రెండో వైపు సిలికాన్ ఉంటే ఆ రెండూ ఒకేలా ముసలివి కావు. అందుకే వీలైనచోట రెండు వైపులా ఒకే సరుకు ఉండేట్టు చూడటం నాకు ఇష్టం: రెండూ సొంత కణజాలమే, లేదంటే రెండు వైపులా వేర్వేరు పరిమాణాల ఇంప్లాంట్లు. అన్ని సందర్భాల్లో కుదరదు, కుదిరినప్పుడు మాత్రం తర్వాతి తలనొప్పి తగ్గుతుంది.

ఇంప్లాంట్ జీవితకాలపు వస్తువు కాదు. సిలికాన్ ఇంప్లాంట్ లోపల చిరిగినా పైకి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ మొదట 5, 6 ఏళ్లకు, ఆ తర్వాత 2, 3 ఏళ్లకోసారి చేయించుకోమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. సౌందర్యం కోసమైతే ఉప్పునీటి ఇంప్లాంట్‌కు 18, సిలికాన్‌కు 22 ఏళ్లు నిండాలని కూడా ఆ సంస్థ నిబంధన. గరుకు ఉపరితలం ఉన్న రకాలకు, చుట్టూ ఉండే పొరలో వచ్చే లింఫోమా అనే ఒక అరుదైన క్యాన్సర్‌కు సంబంధం ఉందని తేలి, 2019లో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. పెట్టేది నునుపా గరుకా అని అడగండి, దాని వివరాల కార్డు తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి.

ఎడమచేతివాటం
ఇక్కడ మగవాళ్లు రాయవచ్చో లేదో తెలియదు. నాకు కుడివైపు ఛాతీ కండరం పుట్టుకతోనే సగం లేదు, చనుమొన చిన్నది, కొంచెం పైకి ఉంటుంది. ఆ చేతి వేళ్లు పొట్టి, రెండు వేళ్లు కలిసి ఉంటే చిన్నప్పుడే విడదీశారు. చొక్కా విప్పి ఈత కొలనులో దిగింది లేదు. ఇది కూడా ఈ కోవలోకే వస్తుందా?

కొలబద్ద
నిస్సందేహంగా రాయవచ్చు. మీరు చెప్పింది పోలండ్ సిండ్రోమ్ లక్షణాలకు సరిపోతోంది. లండన్ గైస్ ఆసుపత్రిలో విద్యార్థిగా ఉన్న ఆల్ఫ్రెడ్ పోలండ్ 1841లో ఒక మృతదేహాన్ని పరీక్షిస్తూ చూసి రాసినది ఇదే. ఆడవారికంటే మగవారిలో ఎక్కువ, ఎడమకంటే కుడివైపు ఎక్కువ. మగవారిలో వీపు కండరాన్ని ముందుకు తిప్పి ఛాతీని నింపడం ఒక పద్ధతి, కొవ్వు ఎక్కించడం ఇంకొకటి, అచ్చు తీసి తయారుచేసిన ఇంప్లాంట్ మూడోది. వీపు కండరం వాడేముందు అది ఉందో లేదో చూడాలి. కొందరిలో అదీ ఉండదు.

పాతకాగితాలు
వైద్య చరిత్ర చదివే పిచ్చి ఉన్నవాడిగా ఒక్క మాట. రొమ్మును నింపే శస్త్రచికిత్స మొదలైందే ఈ అసమానతతో! జర్మనీలోని హైడెల్‌బర్గ్ సర్జన్ విన్సెంజ్ చెర్నీ 1895లో ప్రచురించిన కేసు అది. ఒక స్త్రీ రొమ్ములోంచి గడ్డ తీయవలసి వచ్చింది. తీస్తే ఆ వైపు లొట్టపోతుంది. ఆమె నడుము దగ్గర కొవ్వు గడ్డ ఒకటి ఉండటం చూసి, దాన్ని తీసి రొమ్ములో పెట్టాడు. సిలికాన్ ఇంప్లాంట్ రావడానికి 1962 దాకా ఆగాలి.

నీలిగోరింట
చెర్నీ కథ చదివాక అడగాలనిపిస్తోంది. నాకు మూడో డాక్టరు చెప్పింది కూడా కొవ్వే కదా. ఇంప్లాంట్ బెడద లేకుండా అదే మేలు కాదా?

కొలబద్ద
తేడా మధ్యస్థంగా ఉండి, తీయడానికి సరిపడా కొవ్వు ఉంటే మంచి దారే. సన్నని గొట్టంతో పొట్ట నుంచో తొడల నుంచో తీసి, శుభ్రం చేసి, రొమ్ములో పలుచోట్ల సన్నని దారాల్లా వదులుతాం. ఒకేచోట కుమ్మరిస్తే మధ్యలో ఉన్నదానికి రక్తం అందక చచ్చిపోయి, నూనె తిత్తులుగా మారుతుంది. ఎక్కించిందంతా నిలవదు. కొన్ని నెలల్లో కొంత కరిగిపోతుంది, ఎంత అనేది మనిషిని బట్టి మారుతుంది, అందుకే రెండో విడత, మూడో విడత అవసరం పడవచ్చు. నిలిచింది మాత్రం మీ సొంత కొవ్వే, మీరు లావైతే అదీ పెరుగుతుంది. చర్మం బిగుతుగా ఉంటే ఒక్క విడతలో ఎక్కువ పట్టదు. చేయించుకునే ముందు స్కానింగ్ తీయించి ఉంచుకోండి, తర్వాత లోపల చిన్న గట్టి ముద్దలు తగిలితే పోల్చి చూడటానికి పనికి వస్తుంది.

ఎక్స్‌రే గది
ఆ పాత స్కానింగ్ పడేయకండి, దయచేసి. రొమ్ములో కొవ్వు ఎక్కించారన్న సంగతి మాకు చెప్పడం కూడా మరిచిపోతారు.

నీలిగోరింట
కొలబద్ద గారు చెప్పినట్టే అద్దం ముందు నిలబడి ఒకటి మూసి ఒకటి చూశాను. నాకు నచ్చింది చిన్నది! ఆరేళ్లుగా మెత్త పెట్టి దాచింది దాన్నే. పెద్దది జారి ఉంది, వలయం కూడా పెద్దది. తగ్గిద్దామన్న రెండో సర్జన్ దగ్గరికే మళ్లీ వెళ్లాలనుకుంటున్నాను. రేపు పిల్లలకు పాలివ్వగలనా అన్నది ఒక్కటే భయం.

కొలబద్ద
మొన కింద ఉన్న కణజాలాన్ని, పాల నాళాలను విడదీయకుండా ఉంచే పద్ధతుల్లో చాలామంది పాలిచ్చిన దాఖలాలు ఉన్నాయి. మొనను పూర్తిగా వేరుచేసి అతికించే పద్ధతిలో ఆ ఆశ దాదాపు పోతుంది. మీది ఏ పద్ధతో పేరుతో సహా అడగండి. ఎడమవైపు కొంత తగ్గినా కుడివైపు మీద కత్తి పడదు కనుక అక్కడి పాలకు ఇబ్బంది లేదు. గర్భంతో రొమ్ముల ఆకారం మళ్లీ మారవచ్చు, ఆ లెక్క కూడా వేసుకోండి. పొగ తాగే అలవాటుంటే కనీసం 4 వారాల ముందు పూర్తిగా మానాలి. నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుని మొన చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

మచ్చలున్నా సరే
ముందు వైపు తెరుచుకునే బ్రా రెండు కొనిపెట్టుకోండి. మొదటి వారం చేతులు పైకెత్తి ఏదీ తొడుక్కోలేరు. బోర్లా పడుకునే అలవాటు ఉంటే ఇప్పటి నుంచే మాన్పించుకోండి.

తులసికోట
నాదీ ఒక సందేహం తీర్చండి. చిన్నది ఇంకా పాలు తాగుతోంది. నేనెప్పుడు చూపించుకోవచ్చు?

కొలబద్ద
సలహా కోసం ఎప్పుడైనా రావచ్చు. ఆపరేషన్ మాటైతే పాలు మాన్పించాక సుమారు 6 నెలలు ఆగండి, అప్పటికి రొమ్ములు ఒక రూపానికి వస్తాయి. కొంత తేడా దానంతటదే తగ్గవచ్చు కూడా. ఈలోపు చిన్నవైపు ముందుగా పట్టించి చూడండి, ఆకలి మీద ఉన్నప్పుడు గట్టిగా తాగుతారు. ఇన్నాళ్లూ తాగిన వైపును పాప ఉన్నట్టుండి వద్దంటే మాత్రం ఆ వైపు ఒకసారి పరీక్ష చేయించండి.

తులసికోట
ఈ రాత్రి నుంచే చిన్నవైపుతో మొదలుపెడతాను. ఊరుకుంటుందో లేదో చూడాలి, మహా మొండిది.